మంగళవారం కత్తిరించిన ప్యాంటు

నవంబరు 3, సోమవారం

ఈ పుస్తకం షాపులో ఆర్డర్లు రాసుకోవడానికి కొన్నది. ముందు పేజీల నిండా నడుములు, భుజాలు, చేతుల పొడవులు. నేను వెనక అట్ట వైపు నుంచి మొదలుపెడుతున్నాను. ఎవరైనా తెరిచినా భయం లేదు, నా చేతిరాత ఒక్కోసారి నాకే అంతుపట్టదు.

తమ్ముణ్ణి ఇవాళ దోషి అన్నారు. ఎప్పుడో ఒకప్పుడు వినక తప్పదని రెండేళ్లుగా తెలిసిన మాటే. శిక్ష కూడా ఇవాళే తేలిపోతుందనుకుని షాపు మూసి మరీ వెళ్లాను. కాదట. దోషి అనడం ఒక రోజు, ఎన్నేళ్లో చెప్పడం ఇంకో రోజట. శిక్ష మీద వాదనలు ఇరవై నాలుగున వింటారు.

జడ్జి గారు మొదటి నుంచీ అంతా చదివారు. మనిషి బక్కపలచన, గౌను భుజాలు రెండేసి వేళ్లు కిందికి జారి ఉన్నాయి, సరిచేయించుకోమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు కాబోలు. సంచీలు రెండు. రెండూ తమ్ముడు మా షాపులో, నా మిషను మీద కుట్టినవే, లోపలి దొంగ అరలతో సహా. మొదటిది వాడే తీసుకెళ్లి బస్టాండులో సామాన్లు దాచే గదిలో ఇచ్చి టోకెను తీసుకున్నాడు. నలభై నిమిషాలకు అది పేలింది. ఎవరి ప్రాణమూ పోలేదు. పదకొండు మందికి గాయాలు, ఆ గదిలో పనిచేసే ఆవిడకు కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. రెండోదాన్ని వాడి జట్టువాళ్లు లైబ్రరీ మెట్ల కింద పెడితే పేలకముందే పోలీసులు తీసేశారు.

సంచీ ఇస్తున్నప్పుడు తీసిన వీడియోలో వాడు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడట. ఎవరైనా కనిపెడుతున్నారేమోనని నిబ్బరంగా సరిచూసుకున్నాడు అని రాశారు. నాలుగుసార్లు.

నా గురించి కూడా ఒక పేరా ఉంది. పేలుడు జరిగిన బుధవారం, షాపులో మిషను కింద లైబ్రరీ పేరు రాసి ఉన్న చీటీ దొరకగానే, సొంత తమ్ముడని చూడకుండా క్షణం ఆలస్యం చేయక పోలీసులకు ఫోన్ చేసిన బాధ్యత గల అక్క అట. అందరూ నావైపు తిరిగి చూశారు. తల దించుకున్నాను. వినయం అనుకుని ఉంటారు.

అమ్మకు మా చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. భోజనాల దగ్గర తలా ఒకరిని చెప్పాలి, ఇవాళ మనకు మేలు చేసినవాళ్లెవరని. ఇంత జరిగినా ఇవాళ కూడా అడిగింది. కోర్టులో మా అమ్మకు కుర్చీ వేసిన బంట్రోతు అని మావారు చెప్పారు. నేను జడ్జి గారు అన్నాను. ఆ పేరా చదివినందుకు కాదు, నన్ను ఇంకేమీ అడగనందుకు.

నవంబరు 4, మంగళవారం

ఇవాళ రాయను.

నవంబరు 6, గురువారం

లాయరు గారి ఆఫీసుకు వెళ్లాను. కోర్టు మాకు ఊరికే ఇచ్చిన లాయరే అయినా ఆవిడ పడుతున్న తాపత్రయం చూస్తే సొంత తమ్ముడి కేసేమో అనిపిస్తుంది. మాకు ఇంతటి మనిషి దొరకడం అదృష్టం. ఒకటే బాధ, నల్లకోటు చేతులు మూడు వేళ్లు పొడుగు. కాగితం తిప్పినప్పుడల్లా పైకి లాక్కుంటూ ఉంటారు. చూడలేక కోటు విప్పించి సంచీలో పెట్టుకున్నాను.

శిక్ష ఎలా వేస్తారో వివరంగా చెప్పారు. ముందు నేరాన్ని బట్టి ఒక అంకె అనుకుంటారట. అక్కణ్ణించి పైకి నెట్టేవి కొన్ని, కిందికి దించేవి కొన్ని. ఇలాంటి కేసుల్లో జరిగిన హానితో పాటు, తలపెట్టిన హానిని కూడా చూస్తారట. ఆ పూట లైబ్రరీలో డెబ్బై మంది ఉన్నారు. వాళ్లకు గీత పడకపోయినా తమ్ముడి శిక్షలో ఆ డెబ్బై మందీ ఉంటారు. కుట్టని కోటుకు కూడా కొలత తీసుకున్నట్టే. మొదట అన్యాయం అనిపించింది. ఇంటికి నడుస్తూ దారిలో లైబ్రరీ మెట్లు చూశాక అలా అనిపించలేదు.

ఆవిడ ఒక కాగితం మీద నిలువుగా గీత గీశారు. ఎడమవైపు శిక్షను పెంచేవి, పేజీ చివరి దాకా వచ్చాయి. కుడివైపు మూడే. వయసు ఇరవై మూడు, పాత కేసులు లేవు, జైల్లో నడవడి బాగుంది. ఇంతే అయితే ప్రాణం ఉన్నంత కాలం లోపలే, విడుదల అనే మాట ఉండదట.

"పేలకముందు ఒక్కరికైనా చెప్పి ఉంటే బావుండేదమ్మా. ఆపాలని చిన్న ప్రయత్నం చేసినా సరే, ఈ కుడివైపు బరువే మారిపోతుంది. అతన్ని అడిగితే నోరు విప్పడు. మీకేమైనా తెలుసా?"

తెలీదన్నాను. బుధవారం మిషను కింద చీటీ దొరికింది, వెంటనే ఫోన్ చేశాను అన్నాను. రెండేళ్లుగా అన్న మాటే కాబట్టి తడుముకోకుండా వచ్చింది.

నవంబరు 8, శనివారం

జైలుకు వెళ్లాను. అద్దానికి అటు వాడు, ఇటు నేను, మధ్యలో ఫోను. చిక్కాడు. కానీ నవ్వాడు. లోపల కుట్టుపని నేర్పిస్తున్నాడట, వార్డరు చొక్కా కాలరు తిప్పి కుడితే ఆయన మురిసిపోయి రెండు రోజులు ఎవర్నీ తిట్టలేదట.

నేను తల వంచుకుని "ఒరేయ్, ఆ మంగళవారం" అన్నాను. వాడు పూర్తి చేయనివ్వలేదు.

"బుధవారం అక్కా. నీకు చీటీ బుధవారం దొరికింది. అంతే."

తర్వాత బావ మోకాలు ఎలా ఉందని అడిగాడు. మీటర్లు చూడటానికి ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం కదా, మెట్లు తక్కువున్న వీధులు ఇప్పించుకోమన్నాడు. నా తమ్ముడి మనసు వెన్న. ఇలాంటివాణ్ణి తోడబుట్టినవాడుగా ఇచ్చినందుకు ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియదు. వాడే బుధవారం అన్నాక ఇంకేముంది. బుధవారమే.

నవంబరు 11, మంగళవారం

పని ఎక్కువగా ఉంది.

నవంబరు 12, బుధవారం

శిక్ష వేసే ముందు జడ్జి గారికి ఒక రిపోర్టు వెళుతుందట, మనిషి ఎలాంటివాడు, ఇల్లు ఎలాంటిది అని. దాని కోసం ఒక ఆఫీసరు ఇంటికి వచ్చింది, అక్కణ్ణించి షాపుకు వచ్చింది. కళ్లతోనే కొలతలు తీసే రకం, నాలాగే. వాడు ఏ వయసులో సూది పట్టాడు, స్నేహితులెవరు, ఆ జట్టులో ఎప్పుడు చేరాడు, ఇంట్లో ఎవరూ ఎందుకు పసిగట్టలేదు. మీటింగులకు వెళుతున్నాడని తెలుసు, ఊరికే కోపంగా మాట్లాడుకునే కుర్రాళ్లనుకున్నాం అని చెప్పాను. అది నిజమే. ప్లేటులో ఉన్న బిస్కెట్టు కూడా ముట్టుకోకుండా రాసుకుంది.

వాడి పని చూపిద్దామని అప్పటి ఆర్డర్ల పుస్తకం తీశాను. ఎంత పొందికగా రాసేవాడో. ఆవిడ పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. 412, డ్రిల్లు మాస్టారి ప్యాంటు, నాలుగు వేళ్లు తగ్గించాలి. దాని కింద నా రాత. పాడైంది, కొత్తది కుట్టి ఇవ్వాలి.

ముప్పై ఏళ్లుగా కుడుతున్న మనిషి ప్యాంటు ఎలా పాడు చేశారని నవ్వుతూ అడిగింది. ప్యాంటు పొడవు తగ్గించేటప్పుడు ముందు ఎడమ కాలు కత్తిరించి, దాన్నే కొలతగా కుడి కాలి మీద పరుస్తాం. ఆ రోజు ఎడమది కత్తిరించాక కుడిదనుకుని మళ్లీ ఎడమదే కత్తిరించాను. ఒక కాలు ఎనిమిది వేళ్లు పొట్టి, ఒకటి ఉన్నదున్నట్టే. జన్మలో ఒక్కసారి చేసిన తప్పు. తలనొప్పిగా ఉండిందని చెప్పాను.

"ఏ రోజు?" అంది.

పుస్తకంలో ఉంది కదా, చెప్పక తప్పలేదు. మంగళవారం అన్నాను.

నవంబరు 13, గురువారం

రిపోర్టు ఆవిడ మంచి మనిషి. వాడు బొత్తాల కాజాలు ఎంత బాగా కుట్టేవాడో చెబితే ఓపిగ్గా వింది. ఏ వారమో రాసుకుందా? రాసుకున్నట్టు లేదు. రాసుకున్నా తలనొప్పి ఎవరికైనా వస్తుంది.

నవంబరు 15, శనివారం

డ్రిల్లు మాస్టారు వచ్చారు. మెళ్లో ఈల, చంకలో కొత్త ప్యాంటు. దీనికైనా రెండు కాళ్లూ ఒకే పొడవు వచ్చేలా చూడమన్నారు. రెండేళ్లుగా ఇదే జోకు, రెండేళ్లుగా నేను నవ్వుతున్నాను. ఈయన మా షాపు మానలేదు. ఆ బుధవారం తర్వాత సగం వీధి మానేసినా ఈయన మాత్రం చిరగని బట్టలు కూడా చింపుకుని తెచ్చారు. ఇంతటి మేలు చేసిన మనిషికి జోకుకు నవ్వడం ఒక లెక్కా.

పాడైన ప్యాంటు ఇంకా ఇంట్లోనే ఉందట. నిక్కరు చేయించుకుందామనుకుంటూ బద్ధకంతో అలాగే బీరువాలో పడేశారట.

"మీ ఆర్డరు నంబరు చీటీ కూడా ఇంకా దానికే వేలాడుతోందమ్మా, సగం చీటీ. ఆ బుధవారం పొద్దున్నే తీసుకోవడానికి వచ్చి, మిగతా సగం ఎవరు తిన్నారని అడిగితే మీరు నావంక అదోలా చూశారు, గుర్తుందా?"

గుర్తు లేదన్నాను. సూది వేలిలో దిగింది. మాస్టారు వెళ్లాక చాలాసేపు ఏమీ కుట్టలేదు.

నవంబరు 18, మంగళవారం

మంగళవారం గురించి మంగళవారమే రాయాలి.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి తమ్ముడు షాపుకు వచ్చాడు. నేను 412 ఎడమ కాలు కత్తిరించి కత్తెర కింద పెట్టాను. వాకిట్లో ఎవరో నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు, వీణ్ణే చూస్తున్నాడు. దారం కావాలక్కా అని పైకి అన్నాడు. దారం పెట్టె వెతుకుతున్నట్టు నా పక్కన వంగి, గుసగుసగా చెప్పాడు. రేపు పొద్దున రెండు చోట్ల పెడుతున్నారు, ఒకటి నా చేత పెట్టిస్తున్నారు, నా ఫోను లాక్కున్నారు, ఒక్క నిమిషం ఒంటరిగా వదలడం లేదు, నువ్వు పోలీసులకు చెప్పు. నా చేతిలో ఉన్న ప్యాంటు చీటీ సగం చింపి రెండు చోట్ల పేర్లూ రాశాడు. బస్టాండు, లైబ్రరీ. చీటీ నా గుప్పిట్లో పెట్టి, నల్లదారం ఉండ తీసుకుని వెళ్లిపోయాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నేను ప్యాంటు తీసుకుని అదే కాలు మళ్లీ కత్తిరించాను.

ఫోన్ చేయలేదు. చేస్తే వాణ్ణి పట్టుకుపోతారు. సాయంత్రం ఇంటికొస్తే కూర్చోబెట్టి బుద్ధి చెబుదామనుకున్నాను. కుర్ర మాటలనుకున్నాను, పెంచి చెబుతున్నాడనుకున్నాను. ఏమేమి అనుకున్నానో, అనుకోవడం తప్ప ఏమీ చేయలేదు. వాడు ఇంటికి రాలేదు. పొద్దున్న షాపు తెరిచాను. డ్రిల్లు మాస్టారు వస్తే నవ్వాను. తొమ్మిదీ నలభైకి అద్దాలు అదిరాయి. అప్పుడు ఫోన్ చేశాను, లైబ్రరీ మెట్ల కింద చూడండని. నీకెలా తెలుసని అడిగితే చీటీ ఇప్పుడే దొరికింది అన్నాను. మొదటి పేరు చెప్పడానికి మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది.

నాలుగుసార్లు వెనక్కి చూశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని కాదు. పోలీసులు వచ్చారేమోనని చూశాడు. అక్క చెప్పి ఉంటుందని చూశాడు. నన్ను నమ్ముకుని ఆ సంచీ మోసుకెళ్లాడు. నాకోసం నాలుగుసార్లు వెనక్కి చూశాడు.

రాశాను.

నవంబరు 19, బుధవారం

పొద్దున టిఫిను దగ్గర చెప్పేశాను. మావారు కప్పు కింద పెట్టారు.

"ఆ మంగళవారం నువ్వు కంచం ముందు కూర్చుని ఒక్క మెతుకు ముట్టకుండా లేచిపోయావు. ఏదో ఉందని నాకు తెలుసు. అడగలేదు. నా తప్పూ ఉంది."

అమ్మ మాత్రం ఒకటే ప్రశ్న వేసింది, వాడు నీకు చెప్పాడా అని. చెప్పాడమ్మా అన్నాను. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండేళ్లుగా నేను చూసిన ఏడుపు వేరు, ఇది వేరు. నా కొడుకు చెప్పాడు అని తనలో తనే నాలుగైదుసార్లు అనుకుంది. తర్వాత నావైపు తిరిగి, ఈ ముక్క రెండేళ్లు నా దగ్గర దాచావా అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర ఎవరు మేలు చేశారని కూడా అడగలేదు.

నవంబరు 20, గురువారం

లాయరు గారికి కోటు ఇచ్చి, విషయం చెప్పాను. వేసుకుని చేతులు చాచి చూసుకున్నారు, సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. తర్వాత కుర్చీలో కూలబడ్డారు. అబద్ధం చెప్పినందుకు, తెలిసీ చెప్పనందుకు మీ మీద కేసు పెట్టొచ్చు, తెలుసా అన్నారు. వాడికి పనికొస్తుందా అని అడిగాను.

"అతనికి పనికొస్తుంది. మీకు మాత్రం కాదు."

అయితే రాయండన్నాను. రెండేళ్ల తర్వాత తమ్ముణ్ణి కాపాడుకోవడానికి అక్క ఏమైనా చెబుతుందంటారు, రుజువు కావాలన్నారు ఆవిడ. డ్రిల్లు మాస్టారి బద్ధకం గురించి చెప్పాను. ఆవిడ కోటు విప్పకుండానే ఆయన ఇంటికి బయల్దేరారు.

నవంబరు 24, సోమవారం

అంతా వరసగా రాస్తాను, మళ్లీ మర్చిపోయానని నాకు నేనే చెప్పుకోకుండా.

ముందు సామాన్ల గది ఆవిడ మాట్లాడింది. దెబ్బతిన్నవాళ్లు శిక్షకు ముందు తమ బాధ చెప్పుకోవచ్చట. నిలువు చారల యూనిఫాం చొక్కా, కుడిచేతి గుడ్డ మడిచి పిన్ను పెట్టి ఉంది. నా కళ్లు ఆవిడ ఎడమచేతి మీదికే పోయాయి. మణికట్టు దగ్గర బొత్తం పెట్టలేదు, చెయ్యి తెరుచుకుని వేలాడుతోంది. ఉన్న ఒక్క చేతికి ఉన్న బొత్తాన్ని ఆ చేత్తోనే ఎవరూ పెట్టుకోలేరు. ముప్పై ఏళ్లుగా కఫ్‌లు కుడుతున్నాను, ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు.

రోజూ పొద్దున చెల్లెలు పెడుతుందనీ, ఇవాళ ఆ అమ్మాయి ఊళ్లో లేదనీ ఆవిడే చెప్పింది. జాలి కోసం చెప్పినట్టు లేదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. ఎన్నేళ్లు వేయాలో నాకు తెలియదండీ, తక్కువ వేయమని మాత్రం అడగను అంది.

తర్వాత నన్ను పిలిచారు. బోనులోంచి తమ్ముడు వద్దని తల ఊపాడు. అటు చూడకుండా మంగళవారం మొత్తం చెప్పాను. ప్రభుత్వ లాయరు గారు కసురుకోలేదు, మర్యాదగానే అడిగారు, ఈ రెండేళ్లలో ఎన్నిసార్లు బుధవారం అని చెప్పారని. లెక్కలేనన్నిసార్లు అన్నాను. మరి ఇవాళ ఎలా నమ్మమంటారని అడిగారు. అడగాల్సిందే కదా.

డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఈల తీసేసి వచ్చారు, అది లేకపోతే ఆయన మెడ బోసిగా కనిపించింది. ప్యాంటు ఎత్తి చూపించారు. ఒక కాలు పిక్క దాకా, ఒకటి నేల దాకా. వెనక బెంచీలో ఎవరో నవ్వి ఆపుకున్నారు. దానికి వేలాడుతున్న సగం చీటీ మీద 412 అని నా రాత. ఆ ప్యాంటు తనకు ఇచ్చింది బుధవారం ఎనిమిదింటికనీ, చీటీ అప్పటికే చిరిగి ఉందనీ చెప్పారు. పోలీసుల దగ్గరున్న చీటీ తెప్పించారు, లైబ్రరీ పేరుకు పైన బస్టాండు పేరు ఉన్నది, తమ్ముడి రాత. దాని అంచును ఈ అంచుకు చేర్చి బల్ల మీద పెట్టారు. అతుకు తెలియకుండా కలిసింది. ప్రభుత్వ లాయరు గారు చాలాసేపు వంగి చూసి, ఇక ప్రశ్నలు లేవన్నారు.

జడ్జి గారు తమ్ముణ్ణి అడిగారు, వెనక్కి ఎందుకు చూశావని. మొదటిసారి నోరు విప్పాడు.

"పోలీసులు ఉంటారనుకున్నానండీ. లేకపోయినా సంచీ ఇచ్చేశాను. అది నేనే ఇచ్చాను, అక్క కాదు."

ఇంకేమైనా చెబుతారా అని సామాన్ల గది ఆవిణ్ణి అడిగారు. లేచి నిలబడింది. నావైపు చూసింది.

"అయితే ఒక రాత్రంతా టైముందన్నమాట. ఆ సాయంత్రం నేను వానలో తడిసి ఇంటికెళ్లాను. రెండు చేతులతో తల తుడుచుకున్నాను."

అంతే అని కూర్చుంది.

నవంబరు 27, గురువారం

పద్ధెనిమిదేళ్లు. లోపల ఉన్న రెండేళ్లూ అందులో కలుపుతారు. నలభై దాటకముందే బయటికొస్తాడు. అమ్మ చూస్తుందో లేదో, నేను చూస్తాను.

మొదట అనుకున్న అంకె ప్రాణం ఉన్నంత కాలం అని జడ్జి గారు దాపరికం లేకుండా చెప్పారు. లైబ్రరీలో ఉన్న డెబ్బై మందినీ, గాయపడిన పదకొండు మందినీ విడివిడిగా తలుచుకున్నారు. ఆ తర్వాత ఇతను ఆపమని చెప్పాడు, అయినా మోసుకెళ్లాడు, రెండూ నిజమే, రెండిటికీ కలిపి ఈ శిక్ష అన్నారు. ఇంతకన్నా సరిగ్గా ఎవరూ కొలవలేరు. నా తమ్ముణ్ణి తక్కువ చేయలేదు, ఎక్కువ చేయలేదు. ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించింది, గౌను భుజాలు ఎలా ఉంటేనేం.

నా పేరా వెనక్కి తీసుకున్నారు. నా సంగతి పోలీసులు విడిగా చూడాలన్నారు. ఈసారి అందరూ చూస్తుంటే తల దించుకోలేదు. ఆ పేరా నా ఒంటికి ఎప్పుడూ సరిపోలేదు, విప్పేశాక ఊపిరాడింది.

నవంబరు 29, శనివారం

తమ్ముడు అద్దం అవతల చాలాసేపు ఫోను తీయలేదు. తీశాక, బుధవారం అని చెప్పాను కదక్కా అన్నాడు.

"నాలుగుసార్లు వెనక్కి చూశావురా" అన్నాను.

"ఐదు. ఒకటి వీడియోలో పడలేదు."

వాడు అద్దానికి అరచెయ్యి ఆనించాడు. నేను నాది ఆనించాను. మా ఇద్దరి బొటనవేళ్లకూ ఒకేచోట కత్తెర కాయ ఉంది. టైమైపోయిందని వార్డరు అంటే వాడు లేస్తూ, వచ్చే నెల నల్లదారం పంపమన్నాడు, జైలు దారం మూడో ఉతుకుకే తెగుతోందట.

డిసెంబరు 2, మంగళవారం

స్టేషనుకు రమ్మని నోటీసు వచ్చింది. శుక్రవారం పదింటికి. ఎవరో ఒకరు నన్ను అడగబోతున్నారు, మంచిదే.

డిసెంబరు 9, మంగళవారం

శుక్రవారం స్టేషనులో అంతా మళ్లీ చెప్పి సంతకం పెట్టాను, పిలిచినప్పుడు రమ్మన్నారు. ఇవాళ మధ్యాహ్నం సామాన్ల గది ఆవిడ షాపుకు వచ్చింది. గడపలో ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాను, ఒళ్లో బొత్తాలన్నీ నేల మీద పడ్డాయి. ఆవిడ లోపలికి వచ్చి సంచీ బల్ల మీద పెట్టింది. అందులో ఐదు యూనిఫాం చొక్కాలు.

"కేసు పని మీద రాలేదు. చొక్కా చేతుల పనికి మీ అంతవాళ్లు లేరని ఆ ప్యాంటు మాస్టారు చెప్పారు. అడుగడుగునా ఎవరినో బొత్తం పెట్టమని అడగలేకపోతున్నాను."

పని గురించి అయితే మాట్లాడగలను కాబట్టి దాని గురించే చెప్పాను. బొత్తాన్ని మామూలు దారంతో కాకుండా సాగే దారంతో, లోపల చిన్న సాగే పట్టీ వేసి కుడతాను, బొత్తం ఎప్పుడూ పెట్టే ఉంటుంది, చెయ్యి దూరిస్తే సాగి మళ్లీ మూసుకుంటుంది, చూసేవాళ్లకు మామూలు కఫ్‌లాగే ఉంటుంది. దానికి అరచెయ్యి వెడల్పు కావాలి. ఆవిడ ఎడమచెయ్యి చాచి బల్ల మీద పెట్టింది, నేను అదే కాలు రెండుసార్లు కత్తిరించిన బల్ల మీద. టేపు చుట్టడానికి ఆ చేతిని పట్టుకోవాల్సి వచ్చింది. వెచ్చగా ఉంది. మూడుసార్లు కొలిచాను. అంకె రాయబోతే పుస్తకం అలికేసినట్టు కనబడింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, నేను కళ్లు తుడుచుకునే దాకా అలాగే ఉంచింది.

"నేను మిమ్మల్ని ఏమీ అనలేదు. ఎప్పుడైనా అంటానేమో తెలీదు. ముందు ఇవి కుట్టండి."

ఎప్పటికి కావాలండీ అని అడిగాను.

"వచ్చే మంగళవారానికి. ఆలస్యం చేయొద్దు."

ఒకటి ఇప్పుడే ఇస్తాను, కూర్చోండి అన్నాను. కుర్చీ దులిపి వేశాను. ముప్పావుగంట మిషను తొక్కాను. చొక్కా తిరగేసి ఇచ్చాను. ఆవిడ పక్క గదిలోకి వెళ్లి వేసుకుని వచ్చింది. ఎడమచెయ్యి పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, మణికట్టు దగ్గర మూసుకున్న బొత్తాన్ని చూసుకుంది. తల ఊపింది. మిగతా నాలుగు చొక్కాలూ వదిలేసి వెళ్లింది.

అమ్మ ఇరవై రోజుల తర్వాత ఇవాళ భోజనాల దగ్గర నావైపు చూసి అడిగింది, ఇవాళ మనకు మేలు చేసిందెవరని. సామాన్ల గది ఆవిడ అన్నాను. మనకు ఆవిడ చేసిన మేలేమిటే అంది అమ్మ.

ఆలస్యం చేయొద్దని చెప్పిందమ్మా అన్నాను.